దాపటి కుర్చీ

వదిన చూపుడువేలితో అన్న మూతి ఎడమ మూలను అదిమి పట్టుకుని నిలబడింది. రెండో చేతిలో గరిటె ఉంది. వంటింట్లో పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. అన్న కుర్చీ అంచుకు జరిగి, క్లారినెట్ మౌత్‌పీసు మీద పై పళ్ళు ఆనించి గాలి వదిలాడు. అట్టడుగు స్వరం ఒకటి పలికింది. బొంగురుగానే అయినా పలికింది. అక్కణ్ణుంచి పైకి పోబోయేసరికి వదిన వేలికింద బుస్సుమంది. స్వరం పోయి గాలి మిగిలింది.

"వేలు జారింది," అన్నాడు అన్న.

"నా వేలు ఎక్కడిది అక్కడే ఉంది. జారింది మీ మూతి," అంది వదిన. "ఇంకొంచెం సేపయితే పొయ్యి మీదది అడుగంటుతుంది. అప్పుడు అదీ నా వేలి తప్పే అంటారు."

తమ్ముడు కిటికీ దగ్గర కూచుని రీడు చెక్కుతున్నాడు. రీడంటే రెల్లు బద్ద. బొటనవేలంత వెడల్పు, కొస గోరంత పలచన. పలచన మరీ ఎక్కువైతే కీచుమంటుంది, తక్కువైతే ఊదేవాడి దవడలు పీక్కుపోతాయి. తమ్ముడు కత్తి అంచుతో ఒక్క గీత గీస్తాడు, వెలుతురుకెత్తి చూస్తాడు, నాలుక మీద పెట్టుకుని తడుపుతాడు, మళ్ళీ గీస్తాడు. ఇంట్లో ఇద్దరి రీడ్లూ ఆయనే చెక్కేవాడు. బాగా కుదిరినవి అన్న డబ్బాలోకి, మిగిలినవి తన డబ్బాలోకి. అలా అని ఎవరూ చెప్పలేదు. మొదట్లో ఒకసారి అలా జరిగింది, తర్వాత అదే అలవాటయింది.

అన్న మూతికి వాతం కొట్టి అప్పటికి నెలలు గడిచాయి. చలికాలం వెళ్ళిపోయే రోజుల్లో ఒక పొద్దున నీళ్ళు తాగుతుంటే ఎడమ మూలనుంచి కారి చొక్కా తడిసింది. ముఖంలో ఆ సగం పడుకుంది. ఎడమ కన్ను మూతపడదు, ఎడమ చెంప నవ్వదు. మూతి మళ్ళీ స్వాధీనంలోకి రావచ్చు అని డాక్టరు అన్నాడు, రాకపోవచ్చు అని కూడా అన్నాడు. రెండు మాటలూ ఒకే గొంతుతో అన్నాడని వదిన ఇప్పటికీ తిడుతుంది. అన్న మాత్రం రోజూ పొద్దున్నే క్లారినెట్ బిగించి, వదినను పిలిచి, మూల నొక్కించుకుని కూచుంటాడు. అడుగు స్వరాలు నాలుగయిదు పలుకుతాయి. పై స్వరాలకు పెదవి బిగువు కావాలి. ఆ బిగువు లేదు.

సంగీత పరిషత్తు పెద్ద పతకం ఈ ఏడు అన్నకే అని కబురు వచ్చింది మూతి వంకరపోయిన తర్వాతే.

గోడ నిండా పతకాలూ ఫలకాలూ ఉన్నాయి. ఇంకోటి వస్తే మేకు కొట్టడానికి చోటు లేదనీ, తన పెళ్ళిఫొటో దింపాల్సి వస్తుందనీ వదిన అంటూ ఉంటుంది. కానీ ఆ ఒక్క పతకం గోడ మీద లేదు. వాద్యబృందంలో వెనక వరసలో కూచున్న రోజుల్లో అన్న ఆ పతకం అందుకున్న పెద్దలను దగ్గర్నుంచి చూశాడు. అది ఇచ్చే తీరు వేరు. ఇంకెక్కడా అలా ఇవ్వరు. పతకం పొందేవాడు వేదిక మీద తనకు పేరు తెచ్చిన పాట వాయించాలి. చివరి స్వరం ఆగీ ఆగగానే అధ్యక్షుడు లేచి వచ్చి, వాయిద్యం వేడి చల్లారకముందే దాని మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో పతకం మెడలో వేస్తాడు. ఆ వేడిని తాకడమే అసలు గౌరవమని అంటారు. పతకం తర్వాతి సంగతి.

పరిషత్తు కార్యదర్శి ఆ పొద్దున ఆ సంగతి మాట్లాడడానికే వచ్చాడు. మెత్తటి మనిషి. కుర్చీ చూపిస్తే కుర్చీలో సగమే కూచున్నాడు. అన్న ముఖాన్ని ఒక్కసారి చూసి, ఆ తర్వాత గోడ మీది పతకాలతోనే మాట్లాడాడు. వాయిదా వెయ్యొచ్చన్నాడు. కానీ వచ్చే ఏడు కమిటీ మారుతుందనీ, కొత్త కమిటీలో వాళ్ళు వయొలిన్ వైపు మొగ్గుతున్నారనీ చెప్పాడు. వాయించకుండా పతకం ఇస్తే ఏం పోయిందని వదిన అడిగింది. అలా ఇచ్చిన ఆనవాయితీ లేదమ్మా అన్నాడు. ఆనవాయితీ మాట అనేటప్పుడు తన చేతుల్లో ఏమీ లేదన్నట్టు రెండు అరచేతులూ తెరిచి చూపించాడు.

కార్యదర్శి గొంతు ఇంకా తగ్గించాడు.

"మాస్టారూ, ఒక మాట. మీ తమ్ముడుగారు ఉన్నారు. ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు. ఒకే చేత్తో చెక్కిన రీడ్లు. కళ్ళు మూసుకుంటే ఇద్దర్లో ఎవరు ఊదుతున్నారో చెప్పలేమని మీరే ఒకసారి అన్నారు. పక్క తెర వెనక ఆయన్ని కూచోబెడదాం. మీరు వేదిక మీద పట్టుకుని కూచోండి చాలు. వేళ్ళు ఎలాగూ మీవి బాగానే ఆడతాయి."

వదిన పొయ్యి ఆర్పి వచ్చింది.

"అది రెండు క్లారినెట్ల పాట," అన్నాడు అన్న.

"పై పాట ఒక్కటీ చాలు మాస్టారూ. జనం తెలుసుకున్నదీ, ఇంటికి వెళ్తూ కూనిరాగం తీసుకునేదీ అదే. కిందది లేకపోయినా ఎవరూ పట్టించుకోరు."

ఆ కిందది ఇన్నేళ్ళూ ఊదిన మనిషి కిటికీ దగ్గర ఉన్నాడనే సంగతి కార్యదర్శికి మాట జారాక తట్టింది. దగ్గాడు. తమ్ముడు తలెత్తలేదు. కత్తి బద్ద మీద ఒక గీత గీసి ఆగింది.

అన్న తమ్ముడి ముఖంకేసి చూడలేదు. ఆయన చేతిలోని బద్దను చూశాడు. "ఆ రీడు అయిందా?" అన్నాడు.

తమ్ముడు దాన్ని వెలుతురుకెత్తి చూశాడు. "అయింది," అన్నాడు.

అడగడం అంతే, ఒప్పుకోవడం అంతే. కార్యదర్శి లేచి దండం పెట్టి వెళ్ళిపోయాడు. తమ్ముడు ఆ రీడును ఏ డబ్బాలో పెట్టాలో తోచక కొంతసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

*

తమ్ముడి గది మేడ మీద. భార్య పోయిన దగ్గర్నుంచి భోజనం కింద, పడక పైన. ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని, క్లారినెట్ ముక్కలు ఒకదాన్లో ఒకటి తిప్పి బిగించాడు. బెండు కట్టిన చోట గ్రీజు రాశాడు. రీడు తడిపి, దాన్ని బిగించే పట్టీ మరలు తిప్పాడు. అన్నీ ఎప్పుడూ చేసే పనులే. అయినా దొంగతనానికి పోయేవాడిలా చప్పుడు కాకుండా చేశాడు.

పై పాట ఆయనకు నేర్చుకోవలసిన పని లేదు. పక్కన కూచుని ఇన్నేళ్ళు విన్నది. ఆ పాటలో మొదటి క్లారినెట్ ఎత్తుకుంటుంది, మెల్లిగా మెట్టు మెట్టూ ఎక్కుతుంది, పైన ఒక స్వరం మీద ఆగి, దిగడం ఇష్టం లేనట్టు దిగుతుంది. రెండోది కిందనే ఉంటుంది. మూడు స్వరాలు, ఆ మూడూ అటు తిప్పీ ఇటు తిప్పీ, పైది నడవడానికి నేల పరుస్తూ పోతుంది. నడిచేవాడిని చూసేవాళ్ళు నేలను చూడరు. దాని మీద తమ్ముడికి కోపం లేదు. ఒకసారి పత్రికవాళ్ళు వచ్చినప్పుడు అన్నే చెప్పాడు, మా నాన్న అరక దున్నేవాడండీ, కాడికి కుడివైపు కట్టేది వలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు, వలపటిది అడుగు తీస్తే దాపటిది దాని మూపు కదలిక చూసి కదులుతుంది, మా తమ్ముడు నాకు దాపటెద్దు, వాడు లేకపోతే నా సాలు వంకర పోతుంది అని. పత్రికలో ఎద్దుల సంగతి రాలేదు. తమ్ముడి సంగతీ రాలేదు. అన్న ఆ వేళంతా పత్రికవాణ్ణి తిట్టాడు.

నిజంగానే ఆయన అన్న మూపు చూసే ఎత్తుకునేవాడు. అన్న ఎడమ భుజం ధాన్యపు గింజంత లేస్తుంది. ఊపిరి లోపలికి పోయిన గుర్తు. అది లేచిందంటే తమ్ముడి వేళ్ళు వాటంతటవే పడతాయి. చీకట్లో అయినా, జ్వరంలో అయినా, ఆ భుజం ఒక్కటి కనపడితే చాలు.

ఇప్పుడు భుజం లేదు. గోడ ఉంది. గోడను చూస్తూ పై పాట ఎత్తుకున్నాడు. మెట్టు మెట్టూ ఎక్కాడు. పై స్వరం మీద ఆగినప్పుడు కిటికీ అద్దం సన్నగా అదిరింది. దిగాడు. చివరి స్వరం వదిలాక తన గదిలో తానే కొత్తగా వచ్చినవాడిలా అటూ ఇటూ చూశాడు. వాయిద్యం లోపలి తడి గుడ్డతో లాగి తుడిచాడు. ఇదేమిటి, సంతోషంగా ఉందే అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

సాయంత్రం వదిన ఉతికిన దుప్పటి పట్టుకుని పైకి వచ్చింది. దుప్పటి సాకు.

"మూడో ఎత్తుగడలో పరిగెత్తుతున్నావట. కిందనుంచి రాయబారం," అంది.

"ఇంకేమన్నాడు?"

"ఇంకేమీ అనలేదు. కిటికీ మూసెయ్యమన్నారు. మూశాను. మళ్ళీ తనే లేచి తెరిచారు."

దుప్పటి మడత విప్పి మళ్ళీ మడిచింది. మంచం అంచున కూచుంది. పెళ్ళయిన కొత్తలో ఈ అన్నదమ్ములిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం తను చూడలేదనీ, పోట్లాడుకున్నారేమోనని పుట్టింటికి వెళ్ళి చెప్పుకుందనీ, తీరా చూస్తే రోజంతా పక్కపక్కన ఊదుకునేవాళ్ళకు ఇంక మాటలెందుకని తర్వాత తెలిసిందనీ చెప్పింది. తర్వాత ఒక మాట అడిగింది.

"నీకు కష్టంగా లేదా?"

"అన్నయ్యకు ఆ పతకం రావాలి వదినా."

"నేనడిగింది అది కాదు," అంది వదిన. జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

*

సభకు ముందు రోజు తమ్ముడు ఒక్కడే హాలుకు వెళ్ళాడు. అన్న రాలేదు. ఆ ముఖాన్ని ముందుగా ఎవరూ చూడకపోవడం మంచిదని కార్యదర్శి ఉద్దేశం.

హాలు ఖాళీగా ఉంది. ఇద్దరాడవాళ్ళు కుర్చీల మధ్య చీపుళ్ళతో తిరుగుతున్నారు. వేదిక మధ్య ఒకే ఒక్క కుర్చీ, దానిముందు మైకు. ఎడమ పక్క తెర వెనక ఒక స్టూలు, దాని ముందు ఇంకో మైకు. వైర్లు చుట్టలు చుట్టలుగా పడున్నాయి. వాటి మధ్య మైకు మనిషి గొంతుక్కూచుని నోట్లో మేకులు పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

"అదిగో ఆ ముందుది బొమ్మ సార్. దానికి చెవుల్లేవు. దాని ముందు పులి అరిచినా హాల్లోకి పోదు. మీ ముందున్నదే అసలైంది. కాబట్టి మీరు దగ్గినా తుమ్మినా నాకు చెప్పి చెయ్యండి."

తమ్ముడు స్టూలు మీద కూచున్నాడు. ఎదురుగా నల్లటి తెర. వేదిక కనపడలేదు. ఇద్దరూ ఒకేసారి ఎత్తుకోకపోతే అన్న వేళ్ళు ఒకచోట, పాట ఒకచోట అవుతాయి. అందుకని తెర కొంచెం పక్కకు తొలగించమన్నాడు. ఎంత అని అడిగాడు మైకు మనిషి. ఆయన భుజం కనపడాలి, అంతే అన్నాడు తమ్ముడు. మైకు మనిషి తెరను జానెడు తప్పించి తాడుతో కట్టాడు. కార్యదర్శి వచ్చి చూసి, బాగా ఆలోచించారు, ఎంతైనా అనుభవం అని మెచ్చుకున్నాడు.

మైకు మనిషే పోయి అన్న కుర్చీలో కూచున్నాడు. కాలు మీద కాలు వేసుకుని, చీపురుపుల్ల నోట్లో పెట్టుకుని, ఊదండి సార్ నేను రెడీ అన్నాడు. సందులోంచి అతని చొక్కా భుజం కనపడుతోంది. అది ఊరికే భుజం. దాన్లో ఊపిరి లేదు. తమ్ముడు కళ్ళు కిందికి వాల్చి తన లెక్కన తాను ఎత్తుకున్నాడు.

చీపుళ్ళ చప్పుడు ఆగింది. ఆఖరి స్వరం హాలు చివరిదాకా పోయి తిరిగి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. మైకు మనిషి నోట్లో పుల్ల తీసేసి తెర వెనక్కు వచ్చాడు.

"ఇంత బాగా వాయించేవాళ్ళు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు సార్?"

"ఆయన పక్కనే," అన్నాడు తమ్ముడు.

*

సభ సాయంత్రం. హాలు నిండింది. అన్న నల్లకోటు వేసుకున్నాడు. ఎడమ చెంపకు రంగు పూసి, పడిన మూలను చర్మం రంగు పట్టీతో పైకి లాగి అంటించారు. దూరంనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఎడమవైపు దీపాలు తగ్గించారు. వదిన మొదటి వరసలో కూచుంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని. ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకుంది.

ఉపన్యాసాలు అయ్యాయి. అన్న జీవితం అందులో వరసగా నడిచి పోయింది: ఎక్కడెక్కడ వాయించాడు, ఎవరు లేచి నిలబడ్డారు, ఏ ఏ పతకాలు ఎవరి చేతులమీదుగా అందుకున్నాడు. తెర వెనక స్టూలు మీద కూచుని తమ్ముడు విన్నాడు. అవన్నీ ఆయన కూడా వెళ్ళిన ఊళ్ళే. రైలు పెట్టెలో రెండు క్లారినెట్ల పెట్టెలూ తన ఒళ్ళోనే ఉండేవి, అన్నకు నిద్ర ఎక్కువ కాబట్టి. ఉపన్యాసంలో రైలు కూడా లేదు.

దీపాలు తగ్గాయి. అన్న వచ్చి కుర్చీలో కూచున్నాడు. తెర సందులోంచి ఆయన ఎడమ పక్క కనపడుతోంది. చెవి, రంగు పూసిన చెంప, మూతపడని కన్ను, భుజం. ఎన్నో ఏళ్ళుగా తమ్ముడికి అలవాటైన చూపు అదే, అదే పక్క, దాదాపు అదే దూరం. రీడు తడిపి పెట్టుకున్నాడు. నోట్లో పై పాట మొదటి స్వరం సిద్ధంగా ఉంది. మైకు మనిషి బొటనవేలు ఎత్తాడు.

అన్న క్లారినెట్ నోటికి ఆనించుకున్నాడు. ఊపిరి తీసుకోనక్కర్లేదు. ఒట్టిగా పట్టుకుంటే చాలునని అందరూ చెప్పారు. కానీ క్లారినెట్ నోట్లో పెట్టుకుని ఊపిరి తియ్యకుండా ఉండడం ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఎడమ భుజం ధాన్యపు గింజంత లేచింది.

తమ్ముడి వేళ్ళు పడ్డాయి.

హాల్లోకి పెద్ద పెద్ద స్పీకర్లలోంచి మూడు అడుగు స్వరాలు వెళ్ళాయి. అటు తిరిగాయి, ఇటు తిరిగాయి. ఏం చేస్తున్నాడో తమ్ముడికి మూడో స్వరం మీద తెలిసింది. అది కింది పాట. దాపటి పాట. ఇన్నాళ్ళు గోడను చూసి, కళ్ళు వాల్చుకుని ఎంతో బాగా వాయించిన ఆ పై పాట నోట్లోంచి పోయింది. వెతికాడు. లేదు. కళ్ళ ముందు ఆ భుజం ఉంది, భుజం ఉన్నంతసేపూ వేళ్ళకు తెలిసింది అదొక్కటే. ఆపేద్దామా అనుకున్నాడు. ఆపితే వేదిక మీద అన్న వేళ్ళు చప్పుడు లేకుండా ఆడుతూ కనపడతాయి. ఆపలేకపోయాడు. చెమట కనురెప్పల్లోకి దిగింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

హాలు ఎదురుచూస్తోంది, పైది ఎప్పుడు వస్తుందా అని. నేల పరిచి ఉంది, నడిచేవాడు లేడు.

తమ్ముడు సందులోంచి అన్న ముఖంకేసి చూశాడు. అది ఎడమ పక్క. ఆ పక్క కోపం వచ్చినా చెప్పదు, ఏడుపు వచ్చినా చెప్పదు. పెదవి చివర పట్టీ ఒకసారి కదిలింది. అన్న నిజంగానే ఊదాడు. చెవుల్లేని మైకు ముందు సన్నటి బుస్సు, వేదిక పక్కన కూచున్న తమ్ముడికీ, మొదటి వరసలో వదినకీ తప్ప ఎవరికీ వినపడనంత. పట్టీ ఊడి చెంపమీద వేలాడింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ గాలే.

అప్పుడు అన్న క్లారినెట్ నోట్లోంచి తీసి, మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

పాట ఆగలేదు. వాయించేవాడి చేతులు ఒళ్ళో ఉన్నాయి, పాట హాల్లో తిరుగుతోంది. ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. గుసగుస ఒకటి వెనకనుంచి ముందుకు వచ్చింది. అవతలి తెర దగ్గర కార్యదర్శి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. తమ్ముడు ఇంకొక్క ఊపిరి దగ్గర ఆగిపోయేవాడే.

కానీ అన్న భుజం లేచింది.

క్లారినెట్ ఒళ్ళో ఉంది, నోరు మూసుకుని ఉంది. అయినా రెండో ఎత్తుగడ మొదలయ్యే చోట ఆ భుజం గింజంత లేచింది. మూడోదాని దగ్గర లేచింది. పై స్వరం మీద ఆగే చోట ఆగింది, దిగడం ఇష్టం లేని చోట మెల్లిగా దిగింది. పై పాట మొత్తం ఆ భుజంలో జరుగుతోంది. దాన్ని చూస్తూ తమ్ముడు కిందది వాయించుకుంటూ పోయాడు. మొదటి వరసలో వదిన పెదవులు చప్పుడు లేకుండా ఆడుతున్నాయి. కడదాకా వాయించాడు.

చప్పట్లు కొట్టాలో అరవాలో ఎవరికీ తెలియలేదు. కార్యదర్శి నెత్తి మీది చేతులు దించి, కోటు సర్దుకుని, వేదిక ఎక్కి మైకు అందుకున్నాడు. మెత్తటివాడే కానీ మాటకారి.

మాస్టారు ఇవాళ మనకు కొత్త సంగతి చూపించారన్నాడు. అందరికీ తెలిసిన పాటను మన మనసులకే వదిలేసి, దాని నీడను మాత్రం వినిపించారన్నాడు. తన పతకం సభలో తన వాయిద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని మౌనంగా కూచోగల మనసు ఇంకెవరికుంటుందన్నాడు. అంతే. హాలు లేచి నిలబడింది. చప్పట్లు వానలా కురిశాయి. అధ్యక్షుడు వచ్చి ఆనవాయితీ ప్రకారం క్లారినెట్ మీద చెయ్యి వేశాడు. అది చల్లగా ఉంది. చెయ్యి చటుక్కున వెనక్కు తీసుకున్నాడు, పతకం మెడలో వేశాడు. అన్న ఏదో చెప్పబోయాడు. ఎడమవైపు చెయ్యెత్తి తెరకేసి చూపించాడు. పతకానికి మురిసి చెయ్యి ఊపుతున్నాడనుకుని జనం ఇంకా గట్టిగా కొట్టారు. పెదవి కదలని మాట ఆ హోరులో ఎవరికి వినపడుతుంది?

తెర వెనక తమ్ముడి క్లారినెట్ వెచ్చగా ఉంది. గంటలా విచ్చుకున్న దాని కొసనుంచి నీటిబొట్లు చెక్క నేల మీద పడుతున్నాయి. మైకు మనిషి వచ్చి మైకు తీసి వైరు చుట్టుకున్నాడు.

"లేవండి సార్, తెర లాగెయ్యాలి," అన్నాడు. అతను కూడా ముఖంకేసి చూడలేదు.

*

పొద్దున పత్రిక వచ్చింది. మొదటి పేజీలో అన్న ఫొటో ఉంది, బాగున్న పక్కనుంచి తీసింది. వదిన కళ్ళజోడు పెట్టుకుని నిలబడే చదివింది. మౌనం గురించి రాశారు, నీడ గురించి రాశారు, త్యాగం అనే మాట మూడు చోట్ల ఉంది.

"ఇంత పొడుగు రాశారు, ఊదినవాడెవరో మాత్రం రాయలేదు," అంది తమ్ముడితో. "పోనీలేవయ్యా మరిదీ, పేరు రాకపోయినా నీడ అన్నారుగా. నా మాటకొస్తే ఆ మాత్రం కూడా లేదు. ఈయన మూతి పట్టుకున్నది ఎవరని ఒక్కడూ అడగలేదు."

తమ్ముడు నవ్వలేదు. రాత్రంతా కూడగట్టుకున్న మాట ఒకటి నోట్లో ఉంది. అన్న తన కుర్చీలో కూచుని క్లారినెట్ ముక్కలు బిగిస్తున్నాడు. పతకం ఇంకా పెట్టెలోనే ఉంది. ఎవరూ మేకు కోసం చూడలేదు.

"అన్నయ్యా, నిన్న నేను కావాలని చెయ్యలేదు. నా వేళ్ళు..."

"తెలుసు."

"నీ భుజం చూడకపోతే బాగుండేది. తెర నేనే తీయించాను."

అన్న రీడు నోట్లో పెట్టుకుని తడుపుతున్నాడు. కుడి మూలనుంచి మాట్లాడాడు.

"అదెలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదురా. ఇన్నేళ్ళు పక్కనే ఉంది. నా చెవుల నిండా నేనే ఉండేవాణ్ణి."

లేచాడు. ఆ గదిలో రెండు కుర్చీలు ఎప్పుడూ ఒకే చోట ఉంటాయి, కాళ్ళ కింద నేల గుంటలు పడేటంత కాలంగా. అన్న రెండడుగులు నడిచి ఎడమ కుర్చీలో కూచున్నాడు. తమ్ముడి కుర్చీ అది. క్లారినెట్ నోటికి ఆనించి వదినకేసి చూశాడు. వదిన కళ్ళజోడు తీసి, పత్రిక మడిచి చంకలో పెట్టుకుని, అటువైపు పోయి వేలితో ఎడమ మూల నొక్కిపట్టింది.

అన్న అడుగు స్వరం ఒకటి పట్టి చూసుకున్నాడు. పలికింది. రెండోది పలికింది. మూడోది. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. గాలి కొంచెం కారుతోంది కానీ పలుకుతోంది. కింది పాటకు ఆ మాత్రం పెదవి సరిపోతుంది. ఆపి, ఖాళీగా ఉన్న కుడి కుర్చీని కళ్ళతో చూపించాడు.

తమ్ముడు వెళ్ళి కూచున్నాడు. కుర్చీ ఎత్తుగా అనిపించింది. పక్కకు తిరిగి చూస్తే అన్న ముఖంలో కుడి సగం కనపడింది, బతికున్న పక్క. ఇన్నేళ్ళలో వాయించేటప్పుడు ఆ పక్కను తమ్ముడు చూసింది లేదు. ఆ కన్ను తన భుజం మీద ఉంది. ఎద్దు మూపు కోసం చూసినట్టు ఓపికగా చూస్తోంది.

తమ్ముడు క్లారినెట్ నోట్లో పెట్టుకున్నాడు. పై పాట మొత్తం వచ్చు, మెట్టు మెట్టూ వచ్చు. కానీ పక్కన ఒకడు కాచుకుని ఉండగా మొదలుపెట్టడం ఎలాగో తెలియలేదు. ఊపిరి తీసుకోబోయి ఆగాడు. భుజం లేవలేదు.

"కానివ్వవయ్యా, నా చెయ్యి లాగుతోంది," అంది వదిన.

తమ్ముడు తల ఊపాడు. రీడు ఆరిపోయింది. తీసి నాలుకతో తడుపుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. అన్న వేళ్ళు మీటల మీద సిద్ధంగా ఉన్నాయి. ఆయన చూపు ఆ భుజం మీదనుంచి కదల్లేదు.